ఆవకాయ పరీక్ష

గరిటెలు, జాడీలు, చెప్పులు కూడా తాము చూసిందంతా నమోదు చేయడం మొదలుపెట్టాక, ఇంట్లోని పాత డేటాబేస్ నిండిపోయింది. కొత్తది కొనడానికి ప్రణీత, ఆమె భర్త ధీరజ్ ఇంటి డేటా అంతా వెంటబెట్టుకుని కాకినాడలో ఒక షాపుకి వెళ్లారు.

ఆ డేటాని రెండు కొత్త డేటాబేసుల్లోకి ఎక్కించి, "ఏదైనా అడిగి చూడండి," అన్నాడు షాపాయన.

"ఈసారి ఆవకాయలో ఉప్పు ఎక్కువేసిందెవరు?" అంది ప్రణీత. వారం నుంచి ఆ ఇంట్లో అదే గొడవ.

మొదటి డేటాబేస్ ఠక్కున చెప్పింది. "ఇద్దరూ వేశారు. ఒకరికి తెలియకుండా ఒకరు."

ఇద్దరి మొహాలూ మాడిపోయాయి.

"ఇది ఇంట్లో ఉంటే మనకి పోట్లాడుకోడానికేం మిగుల్తుందే?" అన్నాడు ధీరజ్.

రెండోదాన్ని అతను అడిగితే "ప్రణీత గారు" అంది. ఆమె అడిగితే "ధీరజ్ గారు" అంది.

షాపాయన కంగారుపడ్డాడు. "దీంట్లో మీ డేటాకి రెండు కాపీలుంటాయండి. ఒకదానికి చేరింది రెండోదానికి వెంటనే చేరదండి. దేనికి తెలిసింది అది చెప్పేస్తది. సాయంత్రానికి రెండూ కలిసిపోయి ఒకటే మాట చెప్తాయండి. అందుకే దీన్నెవరూ కొనట్లేదండి."

ప్రణీత పకపకా నవ్వింది. "మా కాపురమూ అంతేనండీ. ఇదే ప్యాక్ చేసేయండి."

"ఉప్పు మాత్రం తనే వేసిందండి," అన్నాడు ధీరజ్.

సాయంత్రానికి ఇంకా చాలా టైముంది.