మట్టివాసనకి సున్నా

మా ఇంట్లో కూరకి కూడా మార్కులే. వంటింటి కెమెరా చూసి వేస్తుంది. రంగు, ముక్కల సైజు, నూనె, వడ్డించే వేళ అంటూ దేనికెన్ని మార్కులో చెప్పే పట్టీ, అదే రూబ్రిక్, రాసింది మా ఆయనే. ఊళ్లో ఆన్‌లైన్ బడులన్నిటికీ రూబ్రిక్‌లు రాసేదీ ఆయనే.

మొన్న మా అమ్మాయి వాన మీద వ్యాసంలో మట్టివాసన గురించి రాసింది. రూబ్రిక్‌లో వాసన లేదని బడిలో వ్యాసాలు దిద్దే మెషిన్ సున్నా వేసి, పిల్లని మళ్లీ అదే క్లాసులో కూర్చోబెట్టింది. అది అన్నం ముట్టకుండా ఏడుస్తుంటే, "రూబ్రిక్‌లో లేనిది లేనట్టేనమ్మా" అన్నారీయన.

మర్నాడు గుత్తొంకాయ కూర చేశాను. పదికి పది వచ్చింది. పదికి పది వచ్చిన కూరని నెల్లాళ్లు మార్చకూడదన్న నియమం కూడా ఆయన పెట్టిందే.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"సుభాషిణీ, ఇందులో ఉప్పేదే?"

"మీ రూబ్రిక్‌లో ఉప్పు లేదండీ."

ఆయన చెయ్యి ఉప్పుడబ్బా మీదకి వెళ్లింది. నేను కెమెరా వైపు చూపించాను. మార్కులు పడ్డాక కూరలో ఏం కలిపినా కాపీ కొట్టినట్టే లెక్క. అదీ ఆయన రాసిందే. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మా అమ్మాయి మాత్రం ఆ చప్పిడి కూరే మారడిగి వేయించుకుంది.