స్టామెన్ గారి మౌనం

“మీ సంగీతం మధ్యలో ఆ మౌనం మాత్రం తీసెయ్యండి బాబాయ్,” అంది రలీత్స. “అక్కడ ఏదో...”

“నువ్వు పుట్టకముందు నుంచీ రేడియోలు బాగుచేస్తున్నాను. నాకు చెప్పొచ్చావా?” అన్నాడు స్టామెన్. తోటి విద్యార్థుల్లో అతన్ని పలకరించేది ఆ పిల్ల ఒక్కతే. పాపం, పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

మూత విప్పకుండా, చెవితోనే రేడియో జబ్బు చెప్పేస్తాడని ప్లోవ్‌దివ్ నగరమంతా అతనికి పేరు. యాభై ఎనిమిదో ఏట కొట్టు మూసేసి, ఎలక్ట్రానిక్ సంగీతం నేర్చుకోవడానికి కాలేజీలో చేరాడు. కంప్యూటర్ ముట్టలేదు. పాత రేడియోల భాగాలు అతికించి సొంత వాయిద్యం చేసుకున్నాడు. దాని మీద సాధన మొదలుపెట్టిన కాసేపటికల్లా పక్కగది కుర్రకారు తలుపులు ధడాలున వేసుకునేవారు. ముసలాడంటే వీళ్ళకి ఒళ్ళుమంట అనుకుని లోలోపల కుమిలిపోయేవాడు.

అండగా నిలిచింది ప్రొఫెసర్ కర్దాషెవ్ ఒక్కడే. ఆయనకి అరవై ఆరు. “ఆ మౌనమే దీనికి ప్రాణమయ్యా. మన వయసొస్తేగాని అది పట్టుబడదు,” అన్నాడు.

ఏడాది చివర కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. విద్యార్థి తన రచన వినిపిస్తాడు, నచ్చనివాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు. ముగిసేసరికి సగంమంది మిగిలితేనే రెండో ఏడాదిలో చోటు. స్టామెన్‌కి ఇది పోతే ఇంకో అవకాశం లేదు. భార్య పెంకా పొద్దున ఒక్కటే మాట అంది: “నవ్వులపాలై మాత్రం ఇంటికి రాకు.”

హాలు నిండా ఇరవయ్యేళ్ళవాళ్ళే. మొదటి మూడు నిమిషాలు కదలకుండా విన్నారు. ఎప్పుడూ ఎగతాళి చేసే యావోర్ కూడా తలూపాడు. తర్వాత మౌనం వచ్చింది.

“ఎవరు పోయారని మనకీ శిక్ష?” అంటూ యావోర్ లేచాడు. అతని వెనకే వరసలకు వరసలు లేచాయి. కొందరు తల పట్టుకుని మరీ పోయారు. ఇంత బాహాటంగా వెక్కిరిస్తారని స్టామెన్ అనుకోలేదు. అవమానంతో కళ్ళు మండాయి.

మిగిలింది ఇద్దరే శ్రోతలు. “వీళ్ళకి వినడం చేతకాదు, వదిలెయ్,” అన్నాడు ప్రొఫెసర్.

“మీరు విన్నారు సార్, చాలు,” అన్నాడు స్టామెన్. చాలదని అతనికి తెలుసు.

రలీత్స వేదిక దగ్గరకు వచ్చి, రెండు చెవుల్లోంచీ దూది తీసింది.

“ఆ మౌనం పొడుగునా మా కుర్రాళ్ళందరి చెవులూ కోసేసిన సన్నటి ఈల, పెద్దవాళ్ళు మీ ఇద్దరికీ వినపడనే లేదా బాబాయ్?”