భుజం కింద సందు

వ్యాయామశాల నడిపే కొడుకు, పక్షవాతం వచ్చిన తండ్రిని చచ్చుబడిన ఎడమ చెయ్యి పట్టి లాగి మంచం అంచున కూర్చోబెట్టాడు. నిలబెట్టడానికి మళ్లీ లాగబోయాడు.

"ఆ చెయ్యి లాగకండి సార్," అంది ఆ రోజే పనిలో చేరిన ఆయా.

"బరువులెత్తేవాళ్లకి పాఠాలు చెప్పేవాణ్ణి. దుప్పట్లు మార్చే నువ్వా నాకు నేర్పేది?"

"వద్దురా," అని మూలిగాడు తండ్రి.

"చూశావా? పదిరోజులుగా ఇదే పాట. ఒట్టి బద్ధకం. దానికి నీ వత్తాసొకటి."

ఆమె పెద్దాయన చొక్కా భుజం మీంచి జరిపింది. "ఇక్కడ వేలు పెట్టి చూడండి."

ఒక చేత్తో ఆ చెయ్యి పట్టుకునే, వెటకారంగా నవ్వుతూ రెండో చేతి వేలు పెట్టాడు. భుజం ఎముక కింద వేలు లోపలికి దిగిపోయింది. గబగబా కుడి భుజం తడిమాడు. అక్కడ సందు లేదు.

"కీలుని పట్టి ఉంచే కండ పడిపోయింది. లాగినప్పుడల్లా ఇంకాస్త జారుతోంది," అంది.

"ఇంత నొప్పుంటే చెప్పొద్దా నాన్నా?"

"రోజూ చెప్పాను," అన్నాడు తండ్రి ముద్దమాటగా. "నువ్వు బద్ధకమన్నావు."

కొడుకు ముఖం పాలిపోయింది. ఆయా వైపు తిరిగాడు.

"ఎలా లేపాలో చూపించండమ్మా."

"ముందు ఆ చెయ్యి వదలండి."