పాటకు అడ్డం

మిషనక్కకు ఆ పొద్దున కాలు ఒకచోట నిలవడం లేదు.

బడి హాల్లో కిర్రుమంటున్న ఫ్యాను ఆపించింది. పక్కింటి వదిన చంటివాడి చేతిలోని గిలక్కాయ లాక్కుని దాచేసింది. మిషను మీద బట్టలు కుట్టీ కుట్టీ వంగిన నడుము ఇవాళ నిటారుగా నిలబడింది.

కూతురు పాడబోతోంది మరి.

మూడేళ్ల కిందట వరద వచ్చినప్పుడు మిషనక్క పొరుగూళ్లో పనిలో ఉంది. ఓ డాబా మీద దొరికిందంటూ పడవవాళ్లు పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టారు. ఎలా బతికిందో చెప్పాల్సిన పిల్లకు మాట పడిపోయింది. చినుకు రాలితే చాలు, మంచం కింద దూరేది. మొన్న పాటల టీచరు దగ్గర మాత్రం ఓ చరణం పాడిందట. నలుగురిలో పాడగలిగితే, మాట ఆ వెనకే వస్తుందన్నాడు డాక్టరు.

పిల్ల వేదిక మెట్ల దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే వెనక వరుసలో ఖళ్లు ఖళ్లుమని దగ్గు. ఎవరో ముసలాయన, ఊరికి కొత్త.

మిషనక్క ఒక్క అంగలో అక్కడ వాలింది.

“పెద్దాయనా, కాస్త బయట కూర్చోండి.”

“ఈ పాప పాట ఒక్కటి విని పోతానమ్మా. దగ్గు ఆపుకుంటాను.”

“ఆపుకుంటే ఆగేదైతే ఇందాకే ఆపుకునేవారుగా?”

చుట్టూ నవ్వారు. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

పిల్ల నోరు తెరిచింది.

పాట వచ్చింది. తెల్లవారుతుందిలే, భయం వద్దనే పాట. ఇంట్లో ఎవరూ ఎరగనిది. సన్నగా మొదలై హాలంతా నిండింది. వింతల్లా ఒక్కటే, ప్రతి చరణం చివరా చిన్న దగ్గు. పిల్లలు కిసుక్కున నవ్వారు. పిల్ల ఆగలేదు. చివరిదాకా పాడింది.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. సంతోషం పట్టలేక, పాపం ఆ ముసలాయననూ లోపలికి పిలుద్దామని మిషనక్క గేటు దాకా పరిగెత్తింది. బస్సెక్కి వెళ్లిపోయాడన్నాడు వాచ్‌మన్.

తిరిగొచ్చి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. జవాబు రాదని తెలిసీ, అలవాటు కొద్దీ అడిగింది.

“అంత చక్కటి పాటలో మధ్యమధ్య ఆ దగ్గేమిటే బంగారూ?”

పిల్ల తల్లి చెవి దగ్గరికి జరిగింది.

“పాట అంతేనమ్మా. నన్ను భుజాల మీద ఎత్తుకుని, నీళ్లు తన మెడ దాకా వచ్చినా ఓ తాత అలాగే పాడాడు.”