శుక్రవారం హాజరు

"తిరుమల!"

"ఉన్న సార్!"

దోహాలో, ఉమ్ ఘువైలినాలోని మూడో అంతస్తు గదిలో, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల గట్టిగా పలికింది. ఫోన్లో సుధాకరరావు సారు తలవంచి రిజిస్టర్లో రాసుకున్నాడు. ఇక్కడ ఉదయం ఏడు, అటు జగిత్యాల దగ్గరి పల్లెలో తొమ్మిదిన్నర. ఇక్కడ శుక్రవారం సెలవు, అక్కడ బడి ఉంటుంది. అందుకే వారం వారం ఈ ఇమో వీడియో కాల్ క్లాసు.

ఏర్పాటు చేసింది తిరుమల తండ్రి గజేందర్. అల్ రయ్యాన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం స్టేడియం కడుతున్న కంపెనీలో ఫోర్‌మన్. ఆరేళ్ళు క్యాంపులో ఒంటరిగా గడిపి, ఫ్యామిలీ వీసా దొరకగానే భార్యనూ బిడ్డనూ తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడు సరే, ఇండియన్ స్కూళ్ళలో సీటేదీ? వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది. పిల్లకు ఏడాది దండగవుతుందని, చిన్నప్పుడు తనకు అక్షరాలు నేర్పిన సారుకే ఫోన్ చేశాడు. సారు సంబరంగా ఒప్పుకున్నాడు. "పేరు నేను రాసుకుంట గజేందరూ. దినాం ఇంటికాడ తల్లి చెప్పాలె. వారానికోసారి నేను అడుగుత."

దీన్ని హోమ్ స్కూలింగ్ అంటారని విజయరాణికి తర్వాత తెలిసింది. పేరు గొప్పగానే ఉంది, పాట్లు మాత్రం ఆమెకే తెలుసు. టీచరూ తనే, దోస్తూ తనే, తొక్కుడుబిళ్ళ ఆటకు జోడీ కూడా తనే. గజేందర్ తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ పొద్దుగూకాకే. స్టేడియం గడువు దగ్గర పడుతోందని శుక్రవారాలు కూడా డ్యూటీ వేశారు. ఎదురింటివాళ్ళ భాష వీళ్ళకు రాదు, వీళ్ళది వాళ్ళకు రాదు. మాట్లాడదామంటే మనిషి లేక విజయరాణికి ఒక్కోసారి ఊరికే ఏడుపొచ్చేది.

"సార్, పిల్లలను సూపియ్యుండ్రి సార్" అంది తిరుమల, ఎప్పటిలాగే.

"పరీక్ష రాస్తున్నరు బిడ్డా. మళ్ళొచ్చే వారం."

పోయిన వారం తోటపని చేస్తున్నారు. అంతకుముందు వారం ఆటలకు పోయారు. నిజమే కాబోలు, ఫోన్లోంచి గుసగుస కూడా వినబడదు.

"సూడు, సారంటే ఎంత భయమో వాళ్ళకు! నువ్వూ ఉన్నవ్, నా నెత్తినెక్కి కూసుంటవ్" అని కూతురి బుగ్గ గిల్లింది విజయరాణి. ఆ ఊరికి ఆమె వెళ్ళింది రెండుసార్లే, అదీ పెళ్ళయిన కొత్తలో. గజేందర్ తరఫువాళ్ళు ఒక్కరూ ఇప్పుడక్కడ లేరు.

అరగంట పాఠం రెండు గంటలు సాగింది. సారుకు ఫోన్ పెట్టెయ్యాలనే ఉండదు. "ఇంకొక్క ఎక్కం జెప్పు బిడ్డా" అంటూనే ఉంటాడు.

ఆదివారం అబూ హమూర్‌లోని స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ఆఫీసులో పనిచేసే మెహ్విష్, హైదరాబాదామె.

"ఒక సీటు ఖాలీ అయింది ఆపా. గురువారం లోపల టీసీ కావాలె. అసలు కాగితం తర్వాత పోస్టుల వచ్చినా పర్వాలేదు, ముందు ఫోటో చాలు. లేటయితే సీటు వేరేవాళ్ళకు పోతది."

"ఆ బడిల పిల్లలుంటరా అమ్మా?" అంది తిరుమల.

"బోలెడు మంది!"

పిల్ల మంచం మీద గంతులే గంతులు.

విజయరాణి వెంటనే సారుకు ఫోన్ కలిపింది. "ఏడాది నడుమల ఎందుకమ్మా? ఈడ బాగనే నడుస్తున్నది గదా" అన్నాడాయన. సోమవారం సీలు కనిపించలేదన్నాడు. మంగళవారం ఫారాలు అయిపోయాయన్నాడు. బుధవారం పొద్దున ఫోనే ఎత్తలేదు. మధ్యాహ్నం ఏడోసారికి ఎత్తాడు.

విజయరాణి గయ్యిమంది. "నా బిడ్డ గోడలతోటి మాట్లాడుకుంటున్నది సార్! మీకేం, బడి నిండ పిల్లలున్నరు. నా ఒక్క బిడ్డను పట్టుకొని ఎందుకు సతాయిస్తున్నరు? ఇయ్యకపోతే మండలాఫీసుకు ఫోన్ జేస్త, వాళ్ళనే అడుగుత!"

"వద్దమ్మా!" సారు అడ్డుపడ్డాడు. "ఆడికి చెయ్యకు. పొద్దుగాల పంపుత. నీ బిడ్డ పదిమందిల ఉండాలె, నాకెరుక."

మాట ప్రకారం గురువారం తెల్లారేసరికి టీసీ ఫోటో వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు, పక్కన సీలు, ప్రవర్తన అన్నచోట 'చాలా మంచిది'. పెద్దాయన మీద నోరు పారేసుకున్నందుకు విజయరాణి మనసు చివుక్కుమంది. ఫోన్ చేసి క్షమించమందామంటే ఆయన ఎత్తలేదు. బడిలో పాఠం చెబుతున్నాడేమో, సాయంత్రం చేద్దామనుకుంది.

అబూ హమూర్ స్కూల్లో ఓ ఆయా వచ్చి తిరుమలను క్లాసుకు తీసుకెళ్ళింది. పిల్ల ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు! కారిడార్ పొడుగునా పిల్లల గోల వింటూ, కళ్ళు తుడుచుకుంటూ ఆఫీసులో కుర్చీలో కూర్చుంది విజయరాణి. ఇంటికి వెళితే గదిలో ఇక తనొక్కతే. అయినా ఫర్వాలేదనుకుంది.

మెహ్విష్ టీసీ ముందు పెట్టుకుని ఫోన్ తీసింది. "పరేషాన్ కాకండి. ఫోటో తెచ్చినోళ్ళకు ఒకసారి మండలాఫీసుల అడుగుతం, మా రూలు."

అవతలి మాటలు వింటున్న మెహ్విష్ పెన్ను కింద పెట్టింది. "అచ్ఛా... అచ్ఛా..." అంటూ చాలాసేపు విని ఫోన్ పెట్టేసింది.

"ఏమైంది? టీసీ చెల్లదా?" విజయరాణి కుర్చీలోంచి లేచింది.

"టీసీ పక్కా ఉంది. మీ అమ్మాయి సీటుకు ఢోకా లేదు. మగర్... ఆ బడికి ఇయ్యాల తాళం వేస్తున్నరంట."

"అయ్యో, ఎందుకు?"

మెహ్విష్ టీసీ మీది తిరుమల పేరును వేలితో చూపించింది.

"ఆ బడిల చదివేది మీ పిల్ల ఒక్కతేనంట."