అట్ట వేసిన ఫైలు

మూడో లాయరు ఫైలు విప్పకుండానే దాని మీద చెయ్యి వేసి, “గెలిచేశారనుకోండి,” అన్నాడు.

మాజీ సైనికుడి మొహం వెలిగిపోయింది. పక్కనున్న భార్య మాత్రం ఫైలు లాక్కుని, గుండెలకు హత్తుకుని లేచి నిలబడింది.

“ఆలోచించుకుని చెబుతామండీ.”

మెట్లు దిగుతూ అతను ఉసూరుమన్నాడు. “గెలిపిస్తానంటుంటే ఇంకా ఆలోచనేంటి? ఎల్లుండే శుక్రవారం.”

“నాకు తెలుసు లెండి,” అంటూ ఆమె అతని ఎడమవైపుకు మారింది.

పెళ్లయి నలభై రోజులు. ఎడమవైపు నడవడం అప్పుడే అలవాటైపోయింది. పద్నాలుగేళ్లు ఫిరంగుల పక్కన నిలబడ్డ మనిషికి కుడి చెవి పూర్తిగా పోయింది. పెళ్లినాడు ఆమె తెలియక కుడివైపు కూర్చుని గుసగుసగా ఏవేవో అడిగింది. ఒక్కటీ వినపడక అతను అన్నింటికీ బుద్ధిగా తలూపాడు. రోజూ అంట్లు మీరే తోముతారా అన్నది కూడా అందులో ఉందని తర్వాత తెలిసింది. మాట తప్పే మనిషి కాదు. ఈ పొద్దున కూడా తోమే బయల్దేరాడు.

వైద్యుల బోర్డు మాత్రం ఆ చెవుడు ఉద్యోగంలో వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉందని రాసి వైకల్య పింఛను కొట్టేసింది. పుట్టు చెవుడున్నవాణ్ణి సైన్యంలోకి ఎలా తీసుకున్నారో రాయలేదు. శుక్రవారం సాయంత్రంలోగా అప్పీలు పడకపోతే ఇక ఆ పింఛను మాట మరిచిపోవాల్సిందే.

ఆమె ఆదివారం పుట్టింటికి వెళ్లొచ్చింది. వస్తూనే ఫైలుకి బడిపిల్లల పుస్తకానికి వేసినట్టు గోధుమరంగు అట్ట వేసింది. “కాగితాలు నలగకుండా,” అంది. అప్పట్నుంచీ దాన్ని అతని చేతికి ఇస్తే ఒట్టు.

సోమవారం చూసిన లాయరు ఫోనులో మాట్లాడుతూనే నాలుగు పేజీలు తిప్పి, “చెవి కేసులు నాకు కొట్టిన పిండి,” అన్నాడు. నిన్నటాయన ఫైలు చేత్తో తూచి, “ఇంత లావుందంటే బలమైన కేసే,” అన్నాడు. ఇద్దరూ ఆమెకు నచ్చలేదు.

“నువ్వు లాయర్ని చూస్తున్నావా, చీరలు చూస్తున్నావా?” అన్నాడతను.

“చీరైతే ఇంత సేపు పట్టదు.”

నాలుగో లాయరు సైకిళ్ల కొట్టు పైగదిలో ఉంటుంది. నడివయసు మనిషి. “చెవికి సంబంధించిన అప్పీలండీ,” అని భార్య ఫైలు అందించగానే, కాగితాలు ఎగరకుండా లాయరమ్మ ముందు ఫ్యాను కట్టేసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

అతనికి చెమటలు కారుతున్నాయి. కింద కొట్లో ఎవరో కొత్త బెల్లు బిగించి అదే పనిగా ట్రింగు ట్రింగుమనిపిస్తున్నారు. ఆ మోతకి తగ్గట్టు భార్య కాళ్లూపుతోంది. ఇంత ఆనందం దేనికో అతనికి అంతుపట్టలేదు.

మధ్యలో లాయరమ్మ తలెత్తి అతని కాళ్లకేసి వింతగా చూసింది. చెప్పులకి బురద అంటిందేమోనని అతను గబుక్కున పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆమె మళ్లీ చదువులో పడింది.

నలభై నిమిషాలు గడిచాయి. ఆమె చివరి కాగితం రెండుసార్లు చదివి, ఫైలు మూసి, వాళ్లవైపు జరిపింది.

“ఈ కేసు నేను తీసుకోలేనమ్మా.”

 అతనికి శుక్రవారం కళ్లముందు కదిలింది. నిన్నటాయన దగ్గరికే పోదామని చెప్పబోయాడు. భార్య బల్ల కింద అతని చెయ్యి గట్టిగా నొక్కింది. చూస్తే, ఆమె మొహంలో పరీక్ష పాసైన కళ.

“ఎందుకు తీసుకోలేరండీ?” అంది నవ్వు ఆపుకుంటూ.

“ఇందులో ఉన్న సైనికుడు ఎనభై దాటిన పెద్దాయన, పోయింది మోకాలు, పైగా పదకొండేళ్ల కిందటే ఆయన ఈ అప్పీలు గెలిచేశారు కనక,” అని లాయరమ్మ అనగానే, భార్య చేతిసంచిలోంచి ఇంకో ఫైలు తీసి బల్ల మీద పెట్టి, “అది మా తాతయ్యదండీ, మావారిది ఇదిగో,” అంది.