మొహమాటం

"ఇవాళ్టికి వద్దులే అమ్మా."

మామగారు మాత్రల గిన్నెను మెల్లగా పక్కకు జరిపారు.

కోడలికి ఉక్రోషం ముంచుకొచ్చింది.

"కన్నకూతురైనా ఇంత వేళకి ఇవ్వదు మామయ్యగారూ! నేనేమన్నా విషం పెడుతున్నానా?"

కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఆయన గిన్నె దగ్గరికి లాక్కుని అన్నీ మింగేసి, కుర్చీలో జోగడం మొదలుపెట్టారు.

అత్తగారు పోయాక ఆయన వీళ్ళింటికి వచ్చినప్పుడే ఒక సంచీ మందులు వెంట వచ్చాయి. పొద్దస్తమానం కునికిపాట్లు. గుండీలు ఎగుడుదిగుడు. ఏదడిగినా ఎప్పటికో జవాబు. ఆమె ఆయన ఎదుటే చెల్లెలికి ఫోన్ చేసి, "మా నిద్రమొహం" అని నవ్వేది.

అలాగని నిర్లక్ష్యం చేసిందనడానికి లేదు. కాళ్ళ వాపు ఇంకా తగ్గలేదంటే ఒక డాక్టరు, మూత్రం ఇంకా మాటిమాటికీ వస్తోందంటే ఇంకో డాక్టరు, మతిమరుపంటే మరొకరు.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అందరూ అడిగినవాళ్ళే.

"లేదండీ" అనేది, సంచీని కాలితో కుర్చీ కిందికి తోస్తూ. ఒక డాక్టరు ముందు ఇంకో డాక్టరు మందులు తీస్తే చిన్నబుచ్చుకోరూ!

ఓ ఉదయం మామగారు తూలి బాత్రూం గడప దగ్గర పడ్డారు. తుంటి విరిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సంచీని మంచం మీద కుమ్మరించింది.

"బీపీ మాత్రతో కాళ్ళు వాచాయి. వాపు తగ్గడానికి ఇది. దీంతో మూత్రం ఎక్కువైంది. అది ఆగడానికి ఇది. ఈ మగత, ఈ మతిమరుపు దీనివల్లే. ఇవన్నీ ఏ ఒక్కరికీ చూపించలేదా?"

కోడలు ఖాళీ సంచీని మడతపెట్టసాగింది.

"చాలావరకు ఆపేస్తున్నాను. తెలివి తేరుకుంటుంది. కానీ ఆపరేషన్‌కి గుండె తట్టుకోదు. ఇక లేచి నడవలేరు."

కొన్నాళ్ళకు, మంచం మీద నుంచి గట్టిగా ఓ గొంతు వినబడింది.

"నర్సమ్మా, ఆ సూది నాకా, పరుపుకా?"

నర్సు పకపకా నవ్వింది. మామగారూ నవ్వారు. ఆ నవ్వు కోడలు ఇన్నాళ్ళలో ఒక్కసారీ వినలేదు.

నర్సు వెళ్ళాక, మంచం దగ్గరికి జరిగింది.

"మామయ్యగారూ, ఆ మాత్రలు పడట్లేదని మీకు ముందే తెలుసా?"

"వేసుకున్న కాసేపటికే బుర్ర మొద్దుబారిపోయేది. ఈ నిద్రమొహానికి ఇంకేం తెలిసినా తెలియకపోయినా, అది మాత్రం తెలిసేది."



"మరి... ఎందుకు మింగారు?"

ఆయన చెయ్యి చాచి ఆమె తల నిమిరారు.

"వద్దన్న రోజున ఏడ్చావు కదమ్మా... నువ్వు చిన్నబుచ్చుకుంటావని."